నేల క్రింది రైలు, తెర మీది డ్రైవరు

గోదావరి డెల్టాలోని మండపేటకు రైలు స్టేషను లేదు. రైలెక్కదలచినవారు ద్వారపూడికో, రాజమహేంద్రవరమునకో పోవలసినదే. ఇక నేల క్రింద పరుగెత్తు రైలన్నచో ఆ ప్రాంతపు పిల్లలకు మరింత వింత. కాలువలకును వరిచేలకును నడుమనున్న ఆ నేలలో బావి త్రవ్వినచో కొద్ది లోతుననే ఊట కనబడును. అట్టి నేల నెరిగినవారికి, మట్టి క్రింద సొరంగము తొలిచి అందులో పట్టాలు పరచి జనమును మోయుదురన్న మాట సులభముగా నమ్మశక్యము కాదు.

అయినను నేడు ఆ పట్టణమున ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి, అందుకు తగిన కంప్యూటరు లభించినచో, లండన్ నగరపు సొరంగములలో ఏడు పెట్టెల రైలును నడుపవచ్చును. సిగ్నలు చూచి వేగము తగ్గించవచ్చును. ప్లాట్‌ఫారము చివరనున్న గుర్తు చెంత రైలును నిలుపవచ్చును. తలుపులు తెరచి మూయవచ్చును. ఇది వట్టి కాలక్షేపమని పెద్దలు విసుగుకొందురు. ఇది చదువేనని పిల్లలు వాదింతురు. ఈ రెండు మాటలలో ఏది నిజము? ఆటను దాని లెక్కలతో సహా పరీక్షించిననే గాని తీర్పు చెప్పుట న్యాయము కాదు.

ఆట, అందలి మార్గము

ఇచ్చట పరిశీలనకు తీసికొన్నది ‘ట్రెయిన్ సిమ్ వరల్డ్ 2’ అను ఆట. బ్రిటనుకు చెందిన డవ్‌టెయిల్ గేమ్స్ సంస్థ దీనిని 2020 ఆగస్టులో విడుదల చేసినది. ఇందలి రైలుమార్గములలో ఒకటి లండన్ భూగర్భ రైల్వేలోని బేకర్లూ మార్గము. బేకర్ వీధి, వాటర్లూ అను రెండు స్థలముల పేర్లు కలసి ఈ పేరు వచ్చినది. 1906 మార్చి 10న ఈ మార్గము తెరువబడినది. నేడు దీని నిడివి సుమారు 23 కిలోమీటర్లు, స్టేషన్లు 25. వానిలో 15 స్టేషన్లు నేల క్రింద, తక్కినవి ఆరుబయట ఉన్నవి. ఆటలో నడుపు రైలు 1972 నాటి నమూనా.

మన తెలుగు నేలపై తొలి మెట్రో రైలు హైదరాబాదులో 2017 నవంబరు 28న ప్రారంభింపబడినది. కాని అది సొరంగములలో నడచునది కాదు. స్తంభములపై నిర్మించిన మార్గమున నడచును. భారతదేశమున భూగర్భ రైలు మొదట నడచినది కలకత్తాలో, 1984 అక్టోబరు 24న. తెలుగువారు పెక్కుమంది నివసించు బెంగళూరులో 2016లోను, చెన్నైలో 2017 మే 14న సొరంగ మార్గములు తెరువబడినవి. వీనిలో ప్రయాణము చేసిన తెలుగు విద్యార్థులు ఉందురు గాని, డ్రైవరు గదిలోనుండి సొరంగమును చూచినవారు అరుదు. ఆ దృశ్యమును ఇంటికి తెచ్చి చూపుట ఈ ఆట చేసిన మొదటి మేలు.

మార్గమును ఎన్నుకొనుటలో కూడ ఆట నిర్మాతలు వివేకము చూపిరి. ఆధునిక మెట్రోలలో పెక్కింట రైలును నడుపునది కంప్యూటరే. లండన్‌లోని విక్టోరియా మార్గము 1968లో తెరచిననాటినుండియు అట్లే నడచుచున్నది. డ్రైవరు తలుపులు మూసి మీట నొక్కినచో, పరుగును బ్రేకును యంత్రమే చూచుకొనును. హైదరాబాదు మెట్రోలో కూడ మామూలుగా పరుగును నియంత్రించునది కంప్యూటరే; డ్రైవరు ముందు కూర్చుండి తలుపులను, మార్గమును కనిపెట్టుచుండును. ఢిల్లీలో 2020 డిసెంబరు 28న డ్రైవరు అవసరము లేని రైలును కూడ ప్రారంభించిరి. అట్టి మార్గమును ఆటగా చేసినచో ఆటగానికి చేయుటకు పని యుండదు. బేకర్లూ మార్గమున మాత్రము నేటికిని మనిషి చేతితోనే రైలు నడచుచున్నది. కనుక నేర్చుకొనుటకు ఏదో ఒకటి మిగిలియున్నది.

చిత్రణలో ఒక విశేషము గమనింపదగును. ఆరుబయట మార్గమును చిత్రించుట కంప్యూటరుకు కష్టము; ప్రతి చెట్టును, ప్రతి ఇంటిని వేరువేరుగా చూపవలయును. లేనిచో ఒకే చెట్టు పదిమారులు ఎదురై కన్ను మోసమును పట్టివేయును. సొరంగమున ఈ బాధ తక్కువ. సుమారు మూడున్నర మీటర్ల వ్యాసము గల గుండ్రని గొట్టము, గోడ వెంబడి తీగలు, దూరమున ఎర్రని లేక పచ్చని దీపము, తక్కినదంతయు చీకటి. అందుచేతనే ఈ మార్గమున ఆరుబయట భాగము కన్న సొరంగపు భాగమే నిజమునకు దగ్గరగా తోచును. ఇది కొంతవరకు చిత్రకారుని ప్రతిభ, కొంతవరకు చీకటి చేసిన సాయము.

బ్రేకు చెప్పు పాఠము

ఆట మొదలుపెట్టిన ప్రతివాడును మొదట చేయు తప్పు ఒకటే. ప్లాట్‌ఫారము దీపములు కనబడిన పిమ్మట బ్రేకు వేయును. రైలు ఆగవలసిన గుర్తును దాటి పోవును. రెండవమారు భయపడి చాల ముందుగా బ్రేకు వేయును. రైలు ప్లాట్‌ఫారము నడుమనే ఆగిపోవును. పది పదునైదుమారులు తప్పిన తరువాత గాని చేతికి లెక్క చిక్కదు. ఈ లెక్క భౌతికశాస్త్ర పాఠమున విద్యార్థి ఇదివరకే చదివియున్నదే: ఆగుటకు పట్టు దూరము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును.

గంటకు 72 కిలోమీటర్లనగా సెకనుకు 20 మీటర్లు. బ్రేకు వేసినపుడు వేగము ప్రతి సెకనుకును సెకనుకు 1 మీటరు చొప్పున తగ్గునని అనుకొందము. వేగముయొక్క వర్గము 400. దానిని ఋణత్వరణమునకు రెట్టింపైన 2 చే భాగించినచో, ఆగు దూరము 200 మీటర్లు. అదే రైలు గంటకు 36 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు 10 మీటర్లు పోవునపుడు, ఆగు దూరము 50 మీటర్లే. వేగము సగమైనది, దూరము నాలుగవ వంతైనది. సూత్రమును కంఠస్థము చేసినవారు తరగతిలో అనేకులు. చేతితో అనుభవించినవారు కొలదిమంది. ఆట ఆ అనుభవమును ఇచ్చుచున్నది.

మరియొక సంగతి. సెకనుకు 20 మీటర్ల వేగమున పోవుచు బ్రేకు ఒక్క సెకను ఆలస్యముగా వేసినచో, రైలు 20 మీటర్లు అధికముగా పోవును. ఈ రైలుపెట్టె ఒకటి సుమారు 16 మీటర్ల పొడవు. అనగా ఒక సెకను పరధ్యానమునకు మూల్యము ఒక పెట్టె కన్న ఎక్కువ. సొరంగపు స్టేషనులో ప్లాట్‌ఫారము పొడవు రైలు పొడవునకు ఇంచుమించు సరిపోవునంతే యుండును. ఒక పెట్టె దాటిపోయినచో దాని తలుపుల ఎదుట గోడ తప్ప మరేమియు ఉండదు.

కంప్యూటరు రైలును ఎట్లు కదల్చును?

తెరమీద రైలు కదలుచున్నట్లు తోచుటయే గాని, కంప్యూటరు లోపల రైలు లేదు. కొన్ని అంకెలు మాత్రమే యున్నవి. ఇప్పుడు రైలున్న చోటు, ఇప్పటి వేగము, బ్రేకు వలన కలుగు ఋణత్వరణము. ఈ మూటినుండి స్వల్పకాలము గడచిన పిమ్మట రైలు ఎచ్చట నుండునో లెక్కించి, ఆ చోటినుండి సొరంగమెట్లు కనబడునో చిత్రించును. మరల లెక్కించును, మరల చిత్రించును. ఈ పని సెకనుకు అనేకమారులు జరుగుటచే కన్ను దానిని ఎడతెగని కదలికగా గ్రహించును.

ఈ లెక్కను విద్యార్థి కాగితము మీద తానే చేసి చూడవచ్చును. పై రైలునే తీసికొందము. కాలమును ఒక్కొక్క సెకను ముక్కలుగా కోయుదము. ప్రతి సెకను మొదట నున్న వేగముతోనే ఆ సెకను అంతయు రైలు నడచునని అనుకొందము. మొదటి సెకనులో 20 మీటర్లు పోవును. వేగము 19కి దిగును. రెండవ సెకనులో 19 మీటర్లు. మూడవ సెకనులో 18. ఇట్లు చివరి సెకనులో 1 మీటరు. అన్నియు కూడినచో 210 మీటర్లు. కాని సూత్రము ప్రకారము 200 మీటర్లే రావలెను. తప్పు 10 మీటర్లు!

తప్పెచ్చట? సెకను గడచుచుండగనే వేగము తగ్గుచున్నను, లెక్క దానిని గమనించలేదు. కాలపు ముక్కను అర సెకనుగా చేసినచో మొత్తము 205 మీటర్లు వచ్చును, తప్పు సగమైనది. సెకనులో 60వ వంతుగా చేసినచో తప్పు సుమారు 17 సెంటీమీటర్లే. ముక్క చిన్నదగుకొలది తప్పును చిన్నదగును. మరియొక ఉపాయము కూడ కలదు. ప్రతి సెకనులోను మొదటి వేగమునకును తుది వేగమునకును సగటు తీసి, దానినే ఆ సెకనులో పోయిన దూరముగా గ్రహించినచో, 19.5, 18.5, 17.5 అనుచు 0.5 వరకు వచ్చును. కూడి చూచినచో సరిగా 200. కళాశాలలో నేర్పు కలన గణితమునకు తలుపు ఇచ్చటనే యున్నది.

ఈ ఆటపై చేయదగిన మొదటి ఆక్షేపణ కూడ ఇచ్చటనే పుట్టుచున్నది. ఇంత చక్కని లెక్కను ఆట లోపలనే దాచుకొన్నది. ఏ మీట ఎప్పుడు నొక్కవలెనో నేర్పును గాని, రైలు ఎందుకు దాటిపోయినదో చెప్పదు. పట్టాలు కూడ అంతే. లండన్ భూగర్భ మార్గమున రైలుకు నాలుగు పట్టాలుండును. చక్రములు రెండింటిపై దొరలును. తక్కిన రెండును విద్యుత్తు కొరకు. ప్రక్కనున్న పట్టాకును నడుమనున్న పట్టాకును గల అంతరము సుమారు 630 వోల్టులు. తిరుగు విద్యుత్తును వేరొక పట్టాచే కొనిపోకున్నచో, అది సొరంగపు ఇనుపగొట్టములలోనికిని, నేలలోని నీటిగొట్టములలోనికిని చొరబడి వానిని తినివేయును. ఆటలో ఆ నాలుగు పట్టాలును కన్నుల ఎదుటనే యున్నవి. కారణము మాత్రము ఎచ్చటను లేదు. చూపుట వేరు, బోధించుట వేరు.

తెర ఇవ్వజాలనివి

రెండవ ఆక్షేపణ తెరమీది అంకెలను గూర్చి. తరువాతి స్టేషను ఎన్ని మీటర్ల దూరమున నున్నదో, ముందు సిగ్నలు ఏ రంగున నున్నదో, వేగపు హద్దెంతో తెరమూల అంకెలతో కనబడుచుండును. బేకర్లూ మార్గపు డ్రైవరుకు ఇట్టి అంకెలు లేవు. అతడు మార్గమును జ్ఞాపకమున నుంచుకొనును: ఈ వంపు దాటిన తరువాత, ఈ దీపము వద్ద, బ్రేకు మొదలు. అంకెలను చూచి ఆపినవాడు అంకెలను చదువ నేర్చినాడే గాని, రైలును నడుప నేర్వలేదు. అయితే ఈ అంకెలను తొలగించుకొను సదుపాయము ఆటలోనే కలదు. తొలగించి ఆడినచో ఆట కష్టమగును. అప్పుడే అది విలువైనదగును.

మూడవది శరీరమునకు సంబంధించినది. బస్సు డ్రైవరు బ్రేకు వేసినపుడు మన శరీరము ముందునకు తూలును. రైలు డ్రైవరు ఈ తూలునుబట్టియే బ్రేకు ఎంత పట్టినదో గ్రహించును. వేగమును కొలుచు ముల్లు కదలక ముందే అతని నడుమునకు తెలియును. ఇంట కుర్చీలో కూర్చున్నవానికి ఈ సమాచారము అందదు. కన్నును చెవియు మాత్రమే పనిచేయును.

ఈ లోపమును తీర్చుటకు వృత్తి శిక్షణకై నిర్మించు అనుకరణ యంత్రములలో ఒక ఉపాయము వాడుదురు. ఈ విద్యకు మార్గదర్శి అమెరికా దేశస్థుడు ఎడ్విన్ లింక్. అతని కుటుంబమునకు పియానో, ఆర్గాన్ వాద్యములను చేయు కర్మాగారము ఉండెను. ఆ వాద్యములలోని గాలితిత్తులనే ఉపయోగించి 1929లో అతడు విమాన చోదకుల శిక్షణకు ఒక పెట్టెను నిర్మించెను. అది నేలనుండి లేవకయే విమానమువలె ఒరగును, తిరుగును. నేటి యంత్రములలో డ్రైవరు గదిని ముందునకు కొద్దిగా వంచుదురు. అప్పుడు గురుత్వాకర్షణలో ఒక భాగము శరీరమును ముందునకు లాగును. బ్రేకు పడినట్లే తోచును. సెకను వర్గమునకు 1 మీటరు ఋణత్వరణమును అనుకరించుటకు ఎంత వంపు కావలెను? గురుత్వ త్వరణము 9.8, కావలసినది 1. సైను విలువ 9.8లో ఒకటవ వంతు, అనగా సుమారు 0.1. కోణము ఇంచుమించు 6 డిగ్రీలు. ఆరు డిగ్రీల వంపుతో శరీరమును నమ్మించవచ్చును. ఇంటి కుర్చీకి ఆ ఉపాయము లేదు.

నాలుగవది వేడి. 200 టన్నుల రైలు సెకనుకు 20 మీటర్ల వేగమున పోవుచున్నదనుకొందము. దాని గతిజశక్తి 4 కోట్ల జౌళ్లు. మన ఇంటి మీటరు లెక్కలో సుమారు 11 యూనిట్లు. ఈ శక్తియంతయు ఆగునపుడు ఎచ్చటికి పోవును? 1972 నాటి ఈ రైళ్లలో అది చాలవరకు వేడిగా మారి సొరంగమున చేరును. స్టేషను తరువాత స్టేషను, రైలు తరువాత రైలు, ఇట్లు నూరేండ్లకు పైగా చుట్టునున్న బంకమట్టి వేడెక్కినది. హైదరాబాదు మెట్రో వంటి నూతన రైళ్లు ఈ శక్తిలో కొంత భాగమును తిరిగి విద్యుత్తుగా మార్చి తీగకు ఇచ్చును. తెరమీద సొరంగము మాత్రము ఎన్ని రైళ్లు ఆపినను చల్లగనే యుండును. ఆ చల్లదనములో ఒక పెద్ద పాఠము పోయినది.

మరల మొదలుపెట్టరానిది

అన్నింటికన్న ముఖ్యమైన ఆక్షేపణ మరియొకటి కలదు. బేకర్లూ మార్గమున సిగ్నలు ఎర్రగా నున్నపుడు పట్టాల ప్రక్కన ఒక చిన్న చేయి పైకి లేచి నిలుచును. డ్రైవరు పొరపాటున సిగ్నలు దాటినచో, ఆ చేయి రైలు అడుగునగల ఒక మీటకు తగిలి బ్రేకును తానే వేయును. డ్రైవరు పట్టుకొను పిడిని విడిచినను బ్రేకు పడును. మనిషి ఎంత జాగరూకుడైనను ఒకప్పుడు తప్పవచ్చునని ఎరిగినవారే ఇట్టి ఏర్పాట్లు చేయుదురు. ఆటలో తప్పు జరిగినచో కొన్ని గుణములు పోవును. లేదా మరల మొదటినుండి ఆడవచ్చును. దప్పిక వేసినచో ఆటను నిలిపి నీరు త్రాగి రావచ్చును.

1975 ఫిబ్రవరి 28న లండన్‌లోని మూర్‌గేట్ స్టేషనులో ఒక భూగర్భ రైలు ఆగవలసినచోట ఆగక, సొరంగపు చివరి గోడను ఢీకొన్నది. డ్రైవరుతో సహా 43 మంది మరణించిరి. రైలుకు లోపమేదియు కనబడలేదు, బ్రేకు వేయబడలేదు. ఎందుకు వేయబడలేదో విచారణ తేల్చజాలకపోయినది. అటుపిమ్మట మార్గము అంతమగు స్టేషన్లలో రైలు హద్దు మీరిన వేగముతో వచ్చినచో దానంతట అదే ఆగునట్లు ఏర్పాట్లు చేసిరి. ఈ సంగతి తెలిసినవానికి ఆటలోని గుర్తు దాటి పోవుట మరియొక విధముగా కనబడును. తెలియనివానికి అది పోగొట్టుకొన్న గుణములు మాత్రమే. ప్రయాణికుల ప్రాణము తన చేతిలో నున్నదన్న ఎరుకను ఏ అంకెల పట్టికయు ఇవ్వజాలదు. దానిని ఇవ్వవలసినవారు పెద్దలును, ఉపాధ్యాయులును.

తీర్పు

కనుక ఈ ఆటను వట్టి కాలక్షేపమనుట తప్పు. దానిని ఆడినవాడు రైలు నడుప నేర్చెననుటయు తప్పు. ఇది ఒక ప్రయోగశాల వంటిది. ప్రయోగశాలలోనికి పోయి సీసాలను అటునిటు కదిపినంత మాత్రమున రసాయనశాస్త్రము రాదు గదా! లెక్క ముందుగా వేసికొని, పిదప ఆటలో పరీక్షించి, తేడా ఎందుకు వచ్చెనో ఆలోచించినవానికే ఇది ఉపకరించును. పాఠశాలలో ఒక్క కంప్యూటరు ఉన్నను చాలును. తరగతి అంతయు కాగితముపై ఆగు దూరమును లెక్కించవచ్చును; ఒకరు తెరమీది అంకెలను తొలగించి రైలు నడుపవచ్చును; ఎవరి లెక్క సరియైనదో అందరును చూడవచ్చును.

కంప్యూటరు లేని పాఠశాలకు కూడ ఈ పాఠము దూరము కాదు. ఆటస్థలమున సున్నముతో ఒక గీత గీచి, సైకిలును మెల్లగా నడుపుకొని వచ్చి, గీత వద్ద ఒకే తీరున బ్రేకు వేసి, ఆగిన దూరమును టేపుతో కొలువవలెను. పిమ్మట వేగమును రెట్టింపు చేసి మరల కొలువవలెను. రెండు కొలతలకును గల భేదమును చూచిన విద్యార్థి, మండపేట వీథిలో ధాన్యపు లారీకి ముందుగా సైకిలుపై అడ్డము పోవుటకు కొంచెము జంకును. లండన్ సొరంగమున నేర్చినను, పాఠశాల ఆటస్థలమున నేర్చినను, ఆ జంకే ఈ పాఠమునకు ఫలము.